పాత ఇళ్ళు – కూల్చివేత తగవులు

మన శ్రీకాకుళాన్ని పెద్దలు సిక్కోలు అంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో చికాకోల్ సర్కారుకు ఇదే ముఖ్యపట్టణం. 17వ శతాబ్దంలో ఫౌజ్‌దారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ పేరు జామియా మసీదుతో పాటు నేటికీ నిలిచి ఉంది. గుడినైనా మసీదునైనా జనం కాపాడుకుంటారు. ఇంటికి ఆ అదృష్టం లేదు. వారసులు పంచుకుంటారు, రోడ్డు వెడల్పు చేస్తారు, ఒకనాడు గోడ పడిపోతుంది. అందుకే పాత ఇళ్ళను కూల్చవచ్చునా, కూడదా అన్న తగవు మనమందరం తెలుసుకోదగ్గది.

ఈ విషయంలో హైదరాబాదులోని ఇర్రం మంజిల్ కథ చెప్పుకోవాలి. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ తన నివాసంగా కట్టుకున్న భవనమది. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవారు. ఫారసీలో ‘ఇరమ్’ అంటే స్వర్గం. ఆ రెండు మాటలూ ఒక్కలా వినబడతాయని నవాబుగారు ఆ పేరు పెట్టారట. తెలుగువాళ్ళకు అది ఎర్ర మంజిల్, ఫారసీ తెలిసినవాళ్ళకు ఇరమ్ మంజిల్. రెండు భాషలు కలిసి కాపురం చేసిన ఇల్లన్నమాట! తరువాతి కాలంలో అందులో ప్రభుత్వ ఇంజనీర్ల కార్యాలయాలు నడిచాయి.

2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం ఈ భవనాన్ని కూల్చి, ఆ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని నిర్ణయించింది. ఆ నెలలోనే శంకుస్థాపన కూడా జరిగిపోయింది. భవనం పాతబడింది, చారిత్రక కట్టడాల రక్షణకున్న 13వ నిబంధనను 2015లోనే తొలగించాం గనుక ఇక అడ్డేమిటి అని ప్రభుత్వం వాదించింది. చరిత్రాభిమానులు, వారితో పాటు నవాబు వంశీకులు కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. సర్కారు తలచుకున్నంత మాత్రాన సరిపోదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించాలి అన్నదే ఆ తీర్పు సారం.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. చార్మినార్ చుట్టుపక్కలైనా, గోల్కొండ కోటలోనైనా, మన జిల్లా శ్రీముఖలింగంలోనైనా ఇదే చట్టం. అక్కడ తరతరాలుగా ఉంటున్న సామాన్యుడి ఇల్లు కారుతుంటే, పిల్లల పెళ్ళికి ఒక గది వేసుకోవాలనుకుంటే ఏం చేయాలి? మరమ్మతుకు చట్టంలో దారి ఉంది, కాని అర్జీ పట్టుకుని తిరిగే ఓపిక ఎందరికి ఉంటుంది? చరిత్రను కాపాడే భారమంతా బీదవాడి కప్పు మీదనే మోపడం న్యాయం కాదు. పెద్ద భవనానికి కోర్టు దాకా వెళ్ళేవాళ్ళు దొరుకుతారు. పెంకుటింటికి ఎవరు దొరుకుతారు?

కోర్టు దాకా వెళ్ళే వ్యవధి అన్నిటికీ దొరకదు కూడా. విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మే నెలలో కూలగొట్టాక ఊరు ఊరంతా బాధపడింది. కూలిన తరువాత పడే బాధ చరిత్రకు పనికిరాదు గదా!

కనుక సంఘ సభ్యులకు, కుటుంబాలకు ఒక మనవి. మీ ఇంట్లో పాత దస్తావేజులు, ఉర్దూ, ఫారసీ కాగితాలు ఉంటే చెదలకు వదలకండి. చదవగల పెద్దలు ఉండగానే చదివించి, తెలుగులో రాయించి ఉంచండి. పాత ఇంటిని విప్పక తప్పకపోతే ముందుగా ఫొటో తీయించండి, ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో రాసిపెట్టండి. నోటీసు వస్తే గడువు దాటనివ్వకుండా తెలిసినవారిని సంప్రదించండి. ఇల్లు నిలబడితే సంతోషమే. నిలబడకపోయినా దాని కథ మన పిల్లలకు అందాలి.