టాక్సాల్: బెరడు ఎవరిది, బేరం ఎవరిది?

మందును కనుగొన్నవారు ఒకరు, దానికి యజమానులైనవారు మరొకరు కావడం కాన్సర్ వైద్య చరిత్రలో కొత్త కాదు. టాక్సాల్ విషయంలో ఆ యాజమాన్యం చేతులు మారిన తీరు నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది.

1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడును సేకరించాడు. మొక్కలలో కాన్సర్ మందుల కోసం అక్కడి జాతీయ కాన్సర్ సంస్థ సాగించిన అన్వేషణలో అదొక భాగం. ఉత్తర కరొలైనాలో మన్రో వాల్, మన మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణీ ఆ బెరడులోని మందు పదార్థాన్ని వేరుచేశారు. 12 కిలోల బెరడుకు దక్కింది అర గ్రాము! 1967లో వాల్ దానికి టాక్సాల్ అని పేరు పెట్టాడు. 1979లో న్యూయార్కులో సూసన్ హార్విట్జ్ బృందం అది కణవిభజనను అడ్డుకునే విధానాన్ని వివరించింది. 1989 నాటికి, ముదిరిన అండాశయ కాన్సరుతో ఉన్న స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి కణితి తగ్గిందని తేలింది.

ఇంతవరకూ ఖర్చులో అధికభాగం ప్రజాధనమే. అయితే బెరడు ఒలిస్తే చెట్టు చనిపోతుంది. మందును పెద్దయెత్తున తయారుచేసే శక్తి కాన్సర్ సంస్థకు లేదు. పైగా టాక్సాల్‌కు పేటెంటు లేదు. అందువల్ల ఆ సంస్థ 1986 నాటి చట్టాన్ని ఆసరా చేసుకుని భాగస్వామి కోసం ప్రకటన ఇచ్చింది. నాలుగు కంపెనీలు ముందుకు రాగా, బ్రిస్టల్-మైయర్స్ ఎంపికయింది. 1991 జనవరిలో ఒప్పందం కుదిరింది. పరీక్షలకు మందు సరఫరా చేయడం కంపెనీ వంతు. ప్రభుత్వ పరీక్షల ఫలితాలు ఆ కంపెనీకి మాత్రమే ఇవ్వడం సంస్థ వంతు. 1992 డిసెంబరులో అమ్మకానికి అనుమతి, దానితోపాటు అయిదేళ్ల ఏకాధికారం లభించాయి. వాల్ పెట్టిన పేరు సైతం కంపెనీ ట్రేడ్‌మార్కు అయింది. శాస్త్రజ్ఞులు ఇక పాక్లిటాక్సెల్ అని వ్రాయవలసి వచ్చింది.

ఇదే కాలంలో మరో బేరం జరిగింది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోల్టన్, యూ జాతి ఆకుల నుండి లభించే పదార్థంతో ఈ మందును తయారుచేసే పద్ధతి రూపొందించాడు. 1990లో విశ్వవిద్యాలయం దానిని అదే కంపెనీకి లైసెన్సుకిచ్చింది. ఆ రాయల్టీలు కాలక్రమాన 35 కోట్ల డాలర్లు దాటాయి.

మరి ప్రభుత్వానికి? అమెరికా కాంగ్రెసు తరఫున లెక్కలు చూసే కార్యాలయం 2003లో నివేదిక ఇచ్చింది. 2002 వరకు ఈ మందుపై ప్రభుత్వ పరిశోధన వ్యయం 48.4 కోట్ల డాలర్లు; కంపెనీ అమ్మకాలు సుమారు 900 కోట్లు; 1996లో ఇచ్చిన లైసెన్సుపై అర శాతం చొప్పున ప్రభుత్వానికి ముట్టిన రాయల్టీ 3.5 కోట్లు.

కంపెనీని మాత్రమే నిందించడం న్యాయం కాదు. తాను 100 కోట్ల డాలర్లు వెచ్చించానని అది చెప్పింది. అది పూనుకోకపోతే మందు అంత త్వరగా రోగులకు అందేది కాదేమో. లోపం బేరమాడిన తీరులో ఉందని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయం తన చేతిలోని పద్ధతికి వెల కట్టింది. ప్రభుత్వం మూడు దశాబ్దాల ఫలితాలను అప్పగిస్తూ వెల అడగలేదు. ధర సబబుగా ఉండాలన్న నిబంధన ఇటువంటి ఒప్పందాలలో ఉండేది గాని, కంపెనీలు వెనుకంజ వేస్తున్నాయని 1995లో దానినీ తొలగించారు.

ప్రజల సొమ్ముతో పుట్టిన మందుకు ప్రజలు రెండోసారి ఎంత చెల్లించాలి? మిత్రులు తమ అభిప్రాయాలు తెలిపితే సంతోషిస్తాను.