పాత అల్యూమినియం పందెపు సైకిలు: అసలుదేనా? ఎక్కదగినదేనా?

ఫ్రాన్సు దేశపు విటస్ 979 సైకిలు ఫ్రేములో అల్యూమినియం గొట్టాలను అతుకు ముక్కలకు జిగురుతో బిగించారు. ఐర్లండు క్రీడాకారుడు షాన్ కెల్లీ 1984లో పారిస్–రూబే పందెమును విటస్ మీదనే గెలిచెను.

అసలుదనం: పేరు చీటీలను మరల అంటించవచ్చును గనుక వాటిని నమ్మరాదు. ఫ్రేము గొట్టాలకు అయస్కాంతం అంటుకొనినచో అది ఇనుము. అతుకులవద్ద వెల్డింగు కనబడినచో అది 979 కాదు.

స్థితి: పెడళ్ల ఇరుసువద్ద, హ్యాండిలు క్రింద అతుకుల అంచులను పరిశీలించవలెను. రంగు చీలిక, తెల్లని పొడి, త్రొక్కినపుడు కిర్రుమను శబ్దం జిగురు వదలుచున్నదనుటకు సూచనలు. సీటు రాడ్డు కదలునో లేదో చూడవలెను. తుప్పుతో బిగుసుకొనిన రాడ్డును బలవంతముగా లాగినచో గొట్టం పగులును.

అల్యూమినియం అలసట ఏళ్లతరబడి పెరిగి, చివరకు హఠాత్తుగా విరుగును. కావున అతుకు కదలిన సైకిలు ఎంత అసలుదైనను గోడకే అలంకారము. దానిని పిల్లలకు ఇయ్యరాదు.