తంతి తీగలు – 1942

గుడివాడ మీదుగా బందరు పోయే రైలుదారి వెంట సాగిన తంతి తీగలే యుద్ధకాలంలో ప్రభుత్వానికి చెవులు. 1942 జూలై 29న ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం జిల్లాలకు పంపిన రహస్య సర్క్యులరు (కర్నూలు సర్క్యులరని వాడుక) ఆ తీగలను కోయడం పోరాటంలో ఒక మెట్టుగా చేర్చింది. తీగ తెగితే కలెక్టరు కోరిన బలగం వేళకు రాదు. కాని పట్టాలు తొలగించరాదనీ, ప్రాణహాని కలుగరాదనీ ఆ కాగితమే హెచ్చరించింది. ఎంత సన్నని గీత!

దానిని కాపాడవలసిన పెద్దలు ఆగస్టు 9న నిర్బంధంలో పడ్డారు. బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారిని అహమ్మద్‌నగరు కోటకు తరలించారు. 12న కృష్ణకు ఆవల తెనాలి రైల్వేస్టేషను తగులబడింది. పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగారు. 1943లో ప్రభుత్వం కాంగ్రెసుపై ప్రకటించిన అభియోగ గ్రంథంలో ఈ సర్క్యులరును సాక్ష్యంగా చూపారు.