నాలుగుసార్లు, ముప్పై రోజులు: నిమ్మకాయ చట్టం పుట్టిన కథ

కొత్త కారు కొన్న రోజు మన ఇళ్ళలో ఒక సంబరం ఉంటుంది. షోరూం నుంచి బండి తిన్నగా గుడికి వెళ్తుంది. బానెట్ మీద పసుపు కుంకుమలు, పూలదండ, ముందు కొబ్బరికాయ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించుకుంటూ బండిని ముందుకు పోనిస్తారు. దిష్టి పోవాలని, దారిలో ఏ ఆటంకమూ రాకూడదని ఇంటిల్లిపాదీ కోరుకుంటారు. అమెరికాలో మాత్రం నిమ్మకాయ ఉండేది చక్రం కింద కాదు, ఆ బండికే ఆ పేరు. ఎన్నిసార్లు బాగుచేయించినా బాగుపడని కొత్త కారును అక్కడివాళ్ళు 'లెమన్' అంటారు. అలాంటి కారు అంటగట్టిన కంపెనీ చేత డబ్బు వెనక్కి ఇప్పించే చట్టానికి 'లెమన్ లా' అని పేరు. ఆ చట్టం వెనక డెబ్బై ఏళ్ళ కథ ఉంది. అది ఒక చెక్క చక్రంతో మొదలవుతుంది.

కారు రాకముందు సంతలో ఎక్కువగా నడిచిన న్యాయం ఇది: చూసుకుని కొనుక్కోవడం కొనేవాడి పని. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాం, నాలుగడుగులు నడిపించి కుంటుతుందేమో చూస్తాం, సుడులు లెక్కపెడతాం. చూసే కన్ను ఉంటే మోసపోం. మరి వేల విడిభాగాలతో, ఎక్కడో ఫ్యాక్టరీలో బిగించి వచ్చిన కారును ఏ పళ్ళు చూసి కొంటాం? ఎద్దుకు సరిపోయిన న్యాయం కారు దగ్గర చతికిలబడింది. అసలు చిక్కు అక్కడే పుట్టింది.

1910లో న్యూయార్క్ రాష్ట్రంలో మెక్‌ఫెర్సన్ అనే రాళ్ళు చెక్కే పనివాడు తన బ్యూక్ కారులో వెళ్తున్నాడు. ఎడ్లబండికి ఉన్నట్టే ఆ రోజుల్లో కారు చక్రాలకూ చెక్క ఆకులే. ఉన్నట్టుండి ఒక చక్రం ఆకులు పొడిపొడిగా విరిగిపోయాయి. కారు కూలబడింది, మనిషి గాయపడ్డాడు. నష్టపరిహారం ఇమ్మని బ్యూక్ కంపెనీని అడిగితే, 'నువ్వు కొన్నది డీలర్ దగ్గర, మా దగ్గర కాదు. ఆ చక్రం కూడా మేం చేసింది కాదు, వేరే కంపెనీ నుంచి తెప్పించాం' అన్న వాదన ఎదురైంది. బేరం ఎవరితో కుదిరిందో వాళ్ళనే అడగాలన్నది అప్పటి న్యాయం. మొదట కేసు కొట్టేశారు. ఆయన వదల్లేదు. అప్పీలు మీద అప్పీలు నడిచి, 1916లో న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో తీర్పు చెప్పారు. లోపం ఉంటే ప్రాణం మీదకు వచ్చే వస్తువును తయారుచేసేవాడు, అది ఎన్ని చేతులు మారి వెళ్ళినా, వాడే మనిషి పట్ల జాగ్రత్త వహించి తీరాలన్నారు. ఆ చక్రాన్ని సరిగ్గా పరీక్షించి ఉంటే లోపం దొరికేదని కూడా తేల్చారు. డీలర్ చాటున నిలబడిన తయారీదారుడు మొదటిసారి వెలుగులోకి వచ్చాడు.

అది మొదటి మెట్టు మాత్రమే. గాయపడితే అడిగే హక్కు వచ్చింది గానీ, వారంటీ కాగితం చాటున దాక్కునే దారి ఇంకా మిగిలే ఉంది. 1955 మే నెలలో న్యూజెర్సీలో హెన్నింగ్‌సెన్ అనే ఆయన మాతృదినోత్సవ కానుకగా భార్యకు కొత్త ప్లిమత్ కారు కొన్నాడు. చేతికొచ్చిన పది రోజులకు, ఓడోమీటర్ 468 మైళ్ళు చూపిస్తున్నప్పుడు, ఆమె నిదానంగా నడుపుకుంటూ వెళ్తుండగా ముందు భాగంలో ఏదో పగిలినంత చప్పుడైంది. స్టీరింగ్ ఆమె చేతుల్లోనే గిర్రున తిరిగిపోయింది. కారు పక్కకు దూసుకెళ్ళి ఇటుక గోడను గుద్దుకుంది.

వారంటీ సంగతి చూద్దామని కొనుగోలు కాగితం తిరగేస్తే, వెనకవైపు కిక్కిరిసిన చిన్న అక్షరాలు. వాటి సారాంశం ఇది: 90 రోజుల్లో లేదా 4,000 మైళ్ళలోపు పాడైన భాగాన్ని మారుస్తాం, అంతకు మించి మాకే బాధ్యతా లేదు. పోనీ ఇంకో కంపెనీ కారు కొందామన్నా లాభం లేదు. పెద్ద కంపెనీలన్నీ కలిసి తయారుచేసుకున్న వారంటీ పత్రం అది, ఎక్కడికెళ్ళినా ఇవే మాటలు. 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ చిన్న అక్షరాలను పక్కకు నెట్టేసింది. బేరమాడే శక్తి లేని మనిషి చేత పెట్టించుకున్న సంతకం చూపించి బాధ్యత తప్పించుకోవడం కుదరదంది. కొత్త కారు అమ్మినప్పుడే, అది వాడుకకు పనికొచ్చే కారన్న హామీ కూడా దానితోపాటు వస్తుందని చెప్పింది.

ఆ ఏడాదే అమెరికా పత్రికల్లో ఒక ప్రకటన వచ్చింది. ఫోక్స్‌వాగన్ కారు బొమ్మ, దాని కింద శీర్షికగా ఒకే ఒక్క మాట: లెమన్. డ్యాష్‌బోర్డు అరకు ఉన్న మెరుపు పట్టీ మీద చిన్న మచ్చ ఉందని తమ తనిఖీదారు ఆ కారును ఆపేశాడని, అలాంటి బండిని కొనేవాళ్ళ దాకా రానివ్వబోమని ఆ ప్రకటన భావం. పనికిమాలిన సరుకును లెమన్ అనడం అప్పటికే వాడుకలో ఉంది. ఆ ప్రకటనతో ఆ మాట కారుకు ఇంకా గట్టిగా అతుక్కుపోయింది.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం 1967 ఫిబ్రవరిలో జరిగింది. అదీ న్యూజెర్సీలోనే. స్మిత్ అనే ఆయన కొత్త షెవర్లే కొన్నాడు. ఆయన భార్య షోరూం నుంచి బండి తీసుకుని ఇంటికి బయలుదేరింది. నిండా మైలు కూడా వెళ్ళకముందే, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి కాస్త కదిలితే మళ్ళీ ఆగింది. మామూలు గేరులో బండి కదలనంటోంది. అన్నిటికన్నా కింది గేరులో, మనిషి పరుగెత్తే వేగంతో, ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది. ఇల్లు ఎంతో దూరం లేదు, రెండున్నర మైళ్ళు. స్మిత్ ఇంకేమీ ఆలోచించలేదు. బ్యాంకుకు ఫోన్ చేసి చెక్కు ఆపించాడు. డీలర్‌కు ఫోన్ చేసి, మీరు నాకు లెమన్ అంటగట్టారు, బేరం రద్దు అని చెప్పేశాడు.

డీలర్ ఊరుకోలేదు. షోరూంలోని ఇంకో కారు గేర్‌బాక్సు విప్పి దీనికి బిగించి, ఇప్పుడు బాగుంది తీసుకొమ్మన్నాడు. స్మిత్ తీసుకోనన్నాడు. డబ్బు కట్టమని డీలరే కోర్టుకెక్కాడు. 1968లో వచ్చిన తీర్పులో న్యాయమూర్తి మామూలు మనిషి గుండెలోకి తొంగిచూశారు. కొత్త కారు చాలామందికి జీవితంలో పెద్ద ఖర్చు. దాని మీద నిశ్చింతగా ప్రయాణించవచ్చన్న నమ్మకంతోనే అంత డబ్బు పోస్తారు. ఆ నమ్మకం ఒకసారి చెదిరితే, ఇంకో బండి నుంచి ఊడదీసిన భాగం తెచ్చి అతికించినంత మాత్రాన అది తిరిగి రాదన్నారు. నమ్మకానికి కూడా విలువ కట్టిన తీర్పు అది.

అయితే స్మిత్‌కు అదృష్టం కలిసొచ్చింది. బండి మొదటి మైల్లోనే మొరాయించింది, చెక్కు ఇంకా చెల్లలేదు. అందరికీ అలా జరగదు. డబ్బు మొత్తం కట్టేశాక, మూడో నెలలో మొదలయ్యే చప్పుడు సంగతేమిటి? వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే రెండు రోజులు బాగుండి, మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చే జబ్బు సంగతేమిటి?

సరిగ్గా అదే కాలంలో జార్జ్ అకెర్లాఫ్ అనే యువ ఆర్థికవేత్త ఇదే చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. పాత బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు భయపడి అన్నిటికీ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. ఈ సంగతి చెబుతూ ఆయన రాసిన వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. 1967-68లో అకెర్లాఫ్ మన దేశంలోనే, ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్ళను మన ఆడవాళ్ళు ఓపికగా ఏరుకోవడం ఆ వ్యాసంలో ఒక ఉదాహరణ. చేటలో బియ్యం పోసుకుని కూర్చున్న మన అమ్మల శ్రమ ప్రపంచ ఆర్థికశాస్త్రంలోకి అలా చేరింది. 1970లో అచ్చయిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. వారంటీ ఎందుకు కావాలో కూడా ఆ వ్యాసం చెప్పింది. తెలియనితనం వల్ల వచ్చే నష్టాన్ని కొనేవాడి నెత్తి మీది నుంచి అమ్మేవాడి నెత్తికి మార్చేది అదే.

అమెరికా ప్రభుత్వమూ కదిలింది. సెనేటర్ వారెన్ మాగ్నూసన్, ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ మాస్ పట్టుబట్టి తెచ్చిన వారంటీ చట్టంపై 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేశారు. వారంటీని అందరికీ అర్థమయ్యే మాటల్లో రాయాలి. 'పూర్తి వారంటీ' అని రాస్తే, తగినన్నిసార్లు ప్రయత్నించినా బాగుపడని వస్తువుకు డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా కొత్తది ఇవ్వాలి. చదివినవాళ్ళు ఇక కష్టాలు తీరాయనుకున్నారు. కానీ అందులో రెండు కంతలు మిగిలాయి. పూర్తి వారంటీ ఇచ్చి తీరాలని చట్టం ఎవరినీ బలవంతపెట్టలేదు, కార్ల కంపెనీలు 'పరిమిత వారంటీ' అని రాసుకుని పక్కకు తప్పుకున్నాయి. రెండోది, 'తగినన్నిసార్లు' అంటే ఎన్నిసార్లు? మూడా, పదా? ఇంకొక్కసారి వదిలి వెళ్ళండి చూస్తాం అని వర్క్‌షాప్ అన్నంత కాలం కొన్నవాడు తిరుగుతూనే ఉండాలి.

ఆ ముడి విప్పింది కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం. అక్కడి శాసనసభ్యుడు జాన్ వుడ్‌కాక్ తెచ్చిన బిల్లు 1982లో చట్టమైంది. దేశంలో అదే మొదటి లెమన్ లా. అందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు, రెండు అంకెలు ఉన్నాయి. ఒకే లోపానికి నాలుగుసార్లు బాగుచేసినా అది పోకపోతే, లేదా మరమ్మతుల కోసం బండి మొత్తం మీద 30 రోజులు వర్క్‌షాప్‌లోనే పడి ఉంటే, కంపెనీకి ఇవ్వాల్సిన అవకాశాలు ఇచ్చేసినట్టే లెక్క. ఇక కొత్త కారు ఇవ్వాలి, లేదా వాడుకున్నంత మేరకు తగ్గించి డబ్బు వెనక్కి ఇవ్వాలి.

గొప్ప గొప్ప న్యాయమూర్తులు దశాబ్దాలపాటు పెద్ద మాటలతో చెప్పిన న్యాయాన్ని ఆ రెండు అంకెలు సామాన్యుడి చేతివేళ్ళ మీదికి తెచ్చాయి. లెక్కపెట్టగలిగిన ప్రతి మనిషీ తన హక్కును తానే తెలుసుకోగలిగాడు. నా దృష్టిలో ఈ కథలోని అసలు ఆవిష్కరణ అదే.

అదే ఏడాది కాలిఫోర్నియాలో శాసనసభ్యురాలు శాలీ టానర్ కూడా ఇలాంటి చట్టం సాధించారు. ఆ తర్వాత ఒక రాష్ట్రాన్ని చూసి ఇంకొకటి కదిలింది. ఇవాళ యాభై రాష్ట్రాల్లోనూ లెమన్ లా ఉంది. అయితే కోర్టు మెట్లెక్కే స్తోమత లేనివాళ్ళకు అంకెలు మాత్రం ఏం చేస్తాయి? దీనికీ కనెక్టికట్టే దారి చూపింది. 1984లో ప్రభుత్వమే నడిపే మధ్యవర్తుల ఏర్పాటు తెచ్చింది. మన తెలుగువాళ్ళు ఎంతోమంది అమెరికాలో మొదటి జీతాలతో కొత్త కార్లు కొనుక్కుంటున్నారు. ఈ చట్టం వాళ్ళకూ అండగా ఉంది. సింగపూర్‌లో 2012లో, చైనాలో 2013లో, ఫిలిప్పీన్స్‌లో 2014లో, దక్షిణ కొరియాలో 2019లో ఇలాంటి నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

మన దేశంలో? 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. కొత్త కారులో తయారీ లోపం ఉందని రుజువైతే సరిచేయమని, మార్చమని, డబ్బు తిరిగి ఇమ్మని, పరిహారం కట్టమని వినియోగదారుల కమిషన్ ఆదేశించగలదు. మనం ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అయితే నాలుగుసార్లు, ముప్పై రోజులు అనే అంకెలు మన చట్టంలో లేవు. లోపాన్ని నిరూపించే భారం చాలావరకు కొన్నవాడిదే, అవసరమైతే ప్రయోగశాలలో పరీక్ష కూడా జరగాలి. లోపమున్న భాగాన్ని మార్చడమే వారంటీ కింద కంపెనీ బాధ్యత, మొత్తం కారును మార్చమనడం సరికాదని 2006లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్ళ తరబడి ఈఎంఐ కట్టే మధ్యతరగతి మనిషికి ఆ రెండు అంకెలు ఇక్కడా కావాలి. మన పార్లమెంటు వాటిని చట్టంలో రాయాలి.

అవి వచ్చేదాకా మనకున్న ఆయుధం వర్క్‌షాప్ రాసే జాబ్ కార్డు. బండి వర్క్‌షాప్‌లో వదిలిన ప్రతిసారీ తేదీ, ఓడోమీటర్ రీడింగ్, మీ ఫిర్యాదు మీ మాటల్లోనే అందులో రాయించండి. 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోవద్దు, 'రెండో గేరులో చప్పుడు, ఇది మూడోసారి' అని రాయమనండి. తిరిగి తీసుకునేటప్పుడు ఏం మార్చారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు, ఆలస్యం చేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. స్మిత్‌కు ఒక్క ఫోన్ కాల్ సరిపోయింది, మనకు ఆ కాగితాలు కావాలి. కాగితం చేతికి రానిదే వర్క్‌షాప్ గేటు దాటకండి.