చద్దిమూట



నేడు పలువురు గృహిణులు ఆదివారమునాడే వారమునకు సరిపడ పిండి రుబ్బి ఫ్రిజ్జులో నుంచుకొని, దినమున కింత తీసి ఇడ్డెనలో అట్లో వేయుచున్నారు. దీనిని సోమరితన మనువారు కొందరు. క్రొత్త నాగరికత యనువారు కొందరు. ఈ రెండు మాటలును సరికావని నా యభిప్రాయము. మరునాటి ప్రాతరాహారమును ముందుగా సిద్ధపరచుట మన పూర్వు లాలోచించి యేర్పరచుకొన్న విద్య. దానికి చల్ది, చద్ది, సద్ది యని పేర్లు.

ధర్మశాస్త్రము నిలువయన్నమును మెచ్చలేదు. భగవద్గీత పదునేడవ యధ్యాయమున పర్యుషితమైన భోజనము తామసప్రియములలో చేర్పబడినది. మనుస్మృతి యైదవ యధ్యాయము పులిసినవానిని నిషేధించినది. కాని యచ్చటనే పెరుగునకును, పెరుగుతో చేసినవానికిని మినహాయింపు గలదు. నేయి మొదలగు స్నేహము కలిసినవియు, యవలు గోధుమలతో చేసినవియు, పాలనుండి పుట్టినవియు నిలువయున్నను తినవచ్చునని చెప్పబడినది. ఏది నిలుచునో యేది చెడునో యెరిగినవారే యీ మినహాయింపులు చేసియుందురు. వరియన్నము తిను మనవారు ఆ పెరుగు త్రోవనే పట్టిరని నేను తలంచుచున్నాను.

అమరసింహుడు తన నిఘంటువున పులిసిన గంజికి ఆరనాళము, సౌవీరము, ధాన్యామ్లము, కాంజికము మున్నగు పేర్లు పెక్కు చెప్పినాడు. ఒక వస్తువున కిన్ని పేర్లు గలవన్న నది లోకమున మిక్కిలి వాడుకలో నుండెనని యూహింపవచ్చును. మన తరవాణి యా వంశములోనిదే. మట్టికుండలో గంజియు నీరును పోసి రెండు మూడు దినములు పులియనిత్తురు. పిమ్మట ప్రతిరాత్రియు నన్నము దానిలో వేసి, ఉదయమున తీసి, ఉప్పు చేర్చి తిందురు. తగ్గినంత గంజి మరల పోయుదురు. కుండ యొక్కటే; అది గడపు నుదయములు పెక్కు. పులుపు హెచ్చినకొలది చెడగొట్టు సూక్ష్మజీవులకు చోటు తగ్గును. కుండ చెమర్చుటచే లోనిది చల్లగా నుండును. వరి తక్కువగా పండు సీమలలో రాగిసంగటియు, జొన్న యంబలియు నీ పనియే చేసినవి.

పదునైదవ శతాబ్దివాడైన పోతన భాగవత దశమస్కంధమున గోపబాలురు యమునాతీరమున చల్దులు కుడుచుటను వర్ణించినాడు. సంస్కృతమూలమున కృష్ణుని వ్రేళ్లసందులలో ఫలము లున్నవి. పోతన వాని స్థానమున ఊరుగాయల నుంచినాడు. మీగడపెరుగు కలిపిన చల్దిముద్దకు ఊరుగాయ తోడుండవలెనని తెలుగుకవికి వేరుగ నొకరు చెప్పవలసినది లేదు. స్మృతి శంకించిన యాహారమును భక్తకవి భగవంతుని చేతిలోనే యుంచెను.

ఈ పద్ధతికి మూలము శ్రమ. తెల్లవారకమున్నే పొలమునకో పశువుల వెంటనో పోవలసినవానికి పొయ్యి రాజు నంతవరకు నిలుచు వ్యవధి లేదు. ఇల్లాలికి పాలు పితుకుట, చల్ల చేయుట, నీరు తెచ్చుట యను పనులన్నియు నా వేళనే యుండును. రాత్రి యన్నము కుండలో వేసియుంచుట యామెకు దక్కిన కొంచెము విరామము. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమున మినుములతో చేయు ఇడ్డరికను పేర్కొనినాడు. రాజుల వంటకములు గ్రంథములకెక్కినవి. తరవాణికుండను చెడకుండ కాపాడిన యిల్లాండ్ర పేర్లను చరిత్ర వ్రాసికొనలేదు.

కాఫీహోటళ్లు వెలసి, ఇడ్డెన గౌరవచిహ్నమైన పిమ్మట చద్ది పేదవాని తిండిగా నెంచబడెను. చద్ది తిని బడికి వచ్చితినని చెప్పుటకు సిగ్గుపడిన బాలురను నేను పెక్కుమందిని చూచినాను. ‘పెద్దల మాట చద్దిమూట’ యను సామెతను వల్లించుచునే యా మూటను దాచుకొనిరి! ఆకలివేళ కక్కరకు వచ్చునది గనుకనే పెద్దల మాట దానితో పోల్చబడినదని వారికి నే నర్థము చెప్పుచుంటిని.

అట్లని నిలువయున్నదెల్ల మంచిదని నే ననను. వండిన యన్నమును పులియబెట్టకయు, చల్లగా నుంచకయు రాత్రియెల్ల వదలిన రోగకారి యగును. పూర్వుల విద్య యంతయు నా జాగ్రత్తలోనే యున్నది. నేడు వారమునకు పిండి రుబ్బు గృహిణి యా కుండకే వారసురాలు. ఆమె సిగ్గుపడవలసినది లేదు. ఆదివారపు రుబ్బుడులో మాత్రము ఇంటిలోని పురుషులు పాలు పంచుకొందురేని, తరవాణికుండ కాలమునకంటె మనము ముందుకు వచ్చితిమని ధైర్యముగ చెప్పుకొనవచ్చును.