తుప్పు పట్టిన సముద్రం

బైలడిలా నుంచి విశాఖకు దిగే ఇనుప ఖనిజం గూడ్సుల మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తు తాకిన లైను, కరకవలస, బొర్రా, చిమిడిపల్లి, త్యాడ మీదుగా బొడ్డవర దాకా దిగుతూనే ఉంటుంది. సొరంగాలు దాటేసరికి బ్రేక్ వ్యాన్‌లో నా కాలరు, కనుబొమలు, టిఫిను డబ్బా మూత ఎర్రబడేవి.

ఈ లైను చరిత్ర చెప్పేవాళ్లు 1960లో జపాన్‌తో కుదిరిన ఖనిజం ఒప్పందంతో మొదలుపెడతారు. నేనైతే ఇంకో రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తాను. అప్పటి సముద్రాల్లో ఇనుము నీళ్లలో కరిగి ఉండేది. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. చెట్టూ చేపా ఏవీ లేని ఆ నీళ్లలో కంటికి ఆనని జీవులు ఎండను వాడుకుని నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలాయి. అది తగిలిన ఇనుము తుప్పయి అడుక్కి దిగింది. ఆక్సిజన్ లేకుండానే ఇనుమును తుప్పు పట్టించే సూక్ష్మజీవులకూ ఇందులో చెయ్యి ఉందంటారు. ఇనుము ఒక పొర, సిలికా ఒక పొర, అలా లక్షల ఏళ్లు. తర్వాతి కాలాల వానలు సిలికాను కడిగేస్తే మిగిలిన గట్టి ఖనిజమే మన వ్యాగన్లలో దిగుతోంది. అది తెలిశాక చొక్కా దులుపుకోబోతే చెయ్యి ఆగేది.

మరి ఈ లైను దాటే అరకు కొండల్లో అలాంటి పాత జీవుల ఆనవాళ్లు ఏమయ్యాయి? కాలిపోయాయి. సముద్రపు బురద సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో తొమ్మిది వందల డిగ్రీలకు పైబడిన వేడిలో ఉడికి ఖొండలైట్ రాయి అయింది. సున్నపురాయి పాలరాయిగా మారింది, బొర్రా గుహలు దాన్లోనే తొలిచి ఉన్నాయి. ఆ వేడికి ఏ జీవి ఆకారమూ నిలవదు. ఖొండలైట్‌లో నల్లగా మెరిసే గ్రాఫైట్ రేకులు మాత్రం మిగిలాయి. ఆ కార్బన్‌లో కొంతైనా ఒకప్పటి జీవులదేనని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆకారం చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్లాలి. అక్కడి రాళ్లలో ఆ జీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటాలు, స్ట్రొమాటొలైట్లు, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్లవి. పశ్చిమ ఆస్ట్రేలియాలోనివి ఇంకా పాతవి, 348 కోట్ల ఏళ్లు.

బొర్రాలో రంగు దీపాలు చూసి అందరూ వెనుదిరుగుతారు. వెలుతురు సోకని లోపలి భాగంలో, ఊట నీళ్ల పక్కన, రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల మందాన నారింజ రంగు పొర ఉంది. అదంతా సూక్ష్మజీవుల గుంపు. అవి ఈనాటివే, కానీ ఎండ అక్కర్లేని ఆ బతుకు తీరు చాలా పాతది.

విహారయాత్రకు పిల్లల్ని తెచ్చే మాస్టార్లను నేను కోరేది ఒకటే. అరకు స్టేషన్లో గూడ్సు ఆగి ఉంటే ప్లాట్‌ఫారం మీంచే ఆ ఎర్ర ఖనిజాన్ని చూపించండి, అది ఎవరు పోగుచేసిందో చెప్పండి. తర్వాతే బొర్రాకు తీసుకెళ్లండి.