తుక్కు ధరకు కొన్న యుద్ధనౌకలు

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఒక్క ఫ్లెచర్ తరగతిలోనే 175 డిస్ట్రాయర్లు కట్టింది. ఇప్పుడు వాటిలో మిగిలినవి నాలుగు. అదే దేశపు బ్యాటిల్‌షిప్‌లు మాత్రం ఎనిమిది మ్యూజియంలుగా నిలిచి ఉన్నాయి. డిస్ట్రాయర్ల ముందు వాటి సంఖ్య మొదటినుంచీ చాలా తక్కువ. మరి లెక్క ఎందుకిలా తిరగబడింది?

కారణం సగం పేర్లలోనే ఉందని నా అనుమానం. బ్యాటిల్‌షిప్‌లకు రాష్ట్రాల పేర్లు పెట్టారు. టెక్సాస్‌ను 1948లో టెక్సాస్ రాష్ట్రమే దగ్గరుండి తెచ్చుకుంది. నార్త్ కరొలైనా కోసం, అలబామా కోసం ఆ రాష్ట్రాల బడిపిల్లలు చిల్లర డబ్బులు పోగుచేసి ఇచ్చారు. డిస్ట్రాయర్లకు పెట్టినవి మనుషుల పేర్లు. పెర్ల్ హార్బర్‌లో మరణించిన అడ్మిరల్ కిడ్, ఒకే ఓడలో ప్రాణాలు పోగొట్టుకున్న సలివాన్ ఇంటి ఐదుగురు అన్నదమ్ములు, గ్వాడల్‌కెనాల్ దగ్గర చనిపోయిన ఫ్రాంక్ స్లేటర్ అనే మామూలు నావికుడు. ఒక నావికుడి పేరున్న ఓడను కాపాడాలని ఏ అసెంబ్లీ కూర్చుని బడ్జెట్ రాస్తుంది? ఆ భారం అందులో పనిచేసినవాళ్ల మీద, ఓడల పిచ్చి పట్టినవాళ్ల మీద పడింది.

మిగతా సగం కారణం డిస్ట్రాయర్ పుట్టుకలోనే ఉంది.

ఇప్పటి క్రొయేషియాలోని రియెకాను అప్పట్లో ఫ్యూమే అనేవారు. అక్కడ రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఆంగ్లేయ ఇంజినీరు 1866లో, నీటి అడుగున తనంతట తానే దూసుకుపోయే టార్పెడోను తయారుచేశాడు. అంతదాకా పెద్ద ఓడను ముంచాలంటే అంత పెద్ద ఓడే కావాలి. ఇక చిన్న ఆవిరి పడవ చాలు, చీకట్లో దగ్గరికి వెళ్లి ఒక్కటి వదిలి పారిపోవచ్చు. 1891లో చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎంకలాడా అనే ఉక్కు కవచపు ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోవడంతో పెద్ద నౌకాదళాలన్నిటికీ నిద్ర పట్టలేదు.

విరుగుడు గురించి అంతకుముందే ఆలోచించినవాడు స్పెయిన్ నౌకాధికారి ఫెర్నాండో వియామిల్. టార్పెడో పడవను తరిమి పట్టుకోవాలంటే దానంత వేగం ఉండాలి, సముద్రపు అలలకు తట్టుకునేలా దానికంటే కాస్త పెద్దదీ అయి ఉండాలి. ఆయన లెక్క ప్రకారం స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో థామ్సన్ సోదరుల నౌకానిర్మాణ కేంద్రంలో కట్టిన డెస్ట్రుక్తోర్ 1887లో స్పెయిన్ దళంలో చేరింది. (ఆ కేంద్రం పేరు మళ్లీ మన విశాఖ కథలో వస్తుంది.) ఆ తరహా ఓడలను వరసగా కట్టించే పని బ్రిటన్ తలకెత్తుకుంది. అక్కడ అడ్మిరల్ ఫిషర్ పట్టుబట్టి పడవల తయారీదారులకు పని అప్పగించాడు. 1893లో యారో సంస్థ కట్టిన హావక్ నీట దిగింది, దాని వేగం 26 నాట్లు. వాటిని మొదట టార్పెడో బోట్ డిస్ట్రాయర్లనేవారు. వాడుకలో చివరి మాట ఒక్కటే మిగిలింది. వియామిల్ 1898లో క్యూబా తీరంలో అమెరికాతో జరిగిన పోరులో తను ఊహించిన రకం ఓడ మీదే మరణించాడు.

వేగం ఊరికే రాదు. ఇంజిను పెద్దది, ఒళ్లు తేలిక. అంటే రేకు పలచన. 1901 సెప్టెంబర్‌లో కోబ్రా అనే కొత్త డిస్ట్రాయర్, అప్పటికి అద్భుతమైన టర్బైన్ ఇంజిన్లతో, కట్టిన చోటినుంచి పోర్ట్స్‌మత్‌కు వెళ్తూ నార్త్ సీ లో రెండు ముక్కలైంది. 67 మంది చనిపోయారు. దాని జోడీ వైపర్ అంతకు నెలన్నర ముందే రాళ్లకు కొట్టుకుని పోయింది. తర్వాతి డిస్ట్రాయర్లు గట్టిపడ్డాయి గానీ స్వభావం మారలేదు. అయోవా తరగతి బ్యాటిల్‌షిప్ నడుము చుట్టూ 12 అంగుళాల ఉక్కు ఉంటే, ఫ్లెచర్ పక్కలకు అంగుళమైనా ఉండదు. అమెరికా నావికులు వాటిని రేకు డబ్బాలనే పిలిచేవారు, ముద్దుగానే.

పని మాత్రం పెరుగుతూ పోయింది. టార్పెడో పడవలను వేటాడటానికి పుట్టింది, తనే టార్పెడోలు మోసింది. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల వెంటపడి డెప్త్ ఛార్జీలు జారవిడిచింది. రెండో యుద్ధంలో విమానాలకు ఎదురు నిలిచింది. ఒకినావా సముద్రంలో 1945 ఏప్రిల్ 16న లాఫీ అనే అమెరికా డిస్ట్రాయర్ మీద ఎనభై నిమిషాల్లో ఇరవైకి పైగా జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. ఆరు ఆత్మాహుతి విమానాలు నేరుగా ఢీకొట్టాయి, 32 మంది చనిపోయారు. అయినా ఓడ మునగలేదు. ఇప్పుడది సౌత్ కరొలైనాలో మ్యూజియం.

యుద్ధం ముగిశాక ఇలాంటి ఓడకు ఉన్న విలువ ఉక్కు టన్నుకెంత పలికితే అంత. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ముందడుగు వేసినవాళ్లలో టొరంటోవాసులు కొందరున్నారు. ట్రైబల్ తరగతి డిస్ట్రాయర్లు మొత్తం 27, వాటిలో 13 యుద్ధంలోనే పోయాయి, తక్కినవి ఒకటొకటిగా తుక్కులోకి వెళ్లాయి. కెనడా నౌకాదళపు హైదా కూడా వెళ్లవలసిందే. 1964లో కొందరు మిత్రులు ఒక సంస్థగా ఏర్పడి 20 వేల డాలర్లకు దాన్ని కొన్నారు. మరుసటి ఏడాది టొరంటో రేవులో జనానికి చూపించారు. ఆ 27లో ఇప్పుడు మిగిలింది అదొక్కటే. 2003 ఆగస్టు 30న, సరిగ్గా దళంలో చేరిన అరవయ్యో ఏట, అది హామిల్టన్ చేరింది. ఆ తేదీ కావాలని ఎంచుకున్నదే అయినా, అక్కడున్న ముసలి నావికులను తప్పుపట్టలేం.

బ్రిటన్‌లో కావలియర్ కష్టాలు ఇంతకంటే ఎక్కువ. రెండో యుద్ధంనాటి బ్రిటిష్ డిస్ట్రాయర్లలో చివరిదాకా సేవలో ఉన్న ఈ ఓడను 1972లో పక్కన పెట్టారు. ఒకనాటి డిస్ట్రాయర్ కెప్టెన్ మౌంట్‌బాటన్ లాంటి వాళ్ల అండతో ఏర్పడిన ట్రస్టు 1977లో దాన్ని 65 వేల పౌండ్లకు కొంది. సౌతాంప్టన్‌లో పెట్టారు, టికెట్లతో ఖర్చు వెళ్లలేదు. బ్రైటన్‌కు తెచ్చారు, అక్కడా నిలదొక్కుకోలేదు. ఉత్తరాన టైన్ నది ఒడ్డుకు లాక్కెళ్లారు, అక్కడ తుప్పు పట్టింది. చివరికి 1998లో చాథం పాత నౌకాశ్రయం ఆదుకుంది. ఇప్పుడది నీరు లేని డాక్‌లో కూర్చుని ఉంది, అడ్మిరల్ నెల్సన్ ఓడ విక్టరీని కట్టిన చోటే. పక్కనే రెండో యుద్ధంలో బ్రిటన్ పోగొట్టుకున్న 142 డిస్ట్రాయర్ల స్మారకం. వాటితో పోయినవాళ్లు 11 వేలమందికి పైనే. చాథం వెళ్లే మనవాళ్లు ఇంకో సంగతి కూడా తెలుసుకుని ఆ ఓడ ఎక్కితే మంచిది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో రాయల్ ఇండియన్ నేవీ నావికులు తిరగబడినప్పుడు, వాళ్లను అణచడానికి పంపిన ఓడల్లో కావలియర్ ఉంది. మ్యూజియం ఓడలన్నీ అందరికీ ఒకే రకం జ్ఞాపకాలను మోయవు.

నాకు వీటన్నిటిలో ఇష్టమైనది స్లేటర్ కథ. అది పూర్తి డిస్ట్రాయర్ కూడా కాదు, సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే చిన్న తరహా డిస్ట్రాయర్ ఎస్కార్ట్. యుద్ధం తర్వాత 1951లో గ్రీసుకు ఇచ్చారు, ఏటోస్ అన్న పేరుతో నలభై ఏళ్లు అక్కడ పనిచేసింది. ‘ది గన్స్ ఆఫ్ నవరోన్’ సినిమాలో కూడా కనిపించింది. 1991లో గ్రీసు దాన్ని వదిలేస్తే, అమెరికాలోని పాత ఎస్కార్ట్ నావికులు చందాలు పోగుచేశారు. 1993లో క్రీట్ దీవినుంచి న్యూయార్క్ దాకా టగ్‌తో లాగించుకుని వచ్చారు. అప్పటికే వాళ్లవి డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన వయసులు. నాలుగేళ్ల తర్వాత ఓడ హడ్సన్ నది మీద ఆల్బనీ చేరింది. అక్కడ వాలంటీర్లు గది గదికీ తుప్పు గీకి, రంగులు వేసి, 1945లో ఎలా ఉండేదో అలా చేస్తూ వచ్చారు. తుక్కుకు పోతున్న ఇతర ఓడలు ఎక్కి వాల్వులు, మీటర్లు, మంచాలు, వంటింటి సామాను విప్పి తెచ్చుకున్నారు. చలికాలం మంచుగడ్డల నుంచి తప్పించడానికి ఏటా దాన్ని నది అవతలి ఒడ్డుకు మారుస్తారు.

ఇలాంటి పనికి నావికులు మాత్రమే చాలరు. స్కేలు మోడళ్లు కట్టేవాళ్లు, పాత రేడియోలు పలికించేవాళ్లు, ఆవిరి బాయిలర్ అంటే చెవి కోసుకునేవాళ్లు కావాలి. ఫలానా నెలలో ఫలానా ఓడ మీద మభ్యపెట్టే చారలు ఏ నీలంలో ఉన్నాయో ఫొటోలు పెట్టుకుని రాత్రంతా వాదించుకునే రకం కావాలి. బయటివాళ్లకు అది చాదస్తం. కానీ బ్యాటన్ రూజ్‌లో కిడ్‌ను 1945 ఆగస్టునాటి రూపానికి తేగలిగారంటే ఆ చాదస్తమే కారణం. ఫ్లెచర్ ఓడల్లో తర్వాతి కాలపు మార్పులు పడనిది కావడం వల్లే దాన్ని మ్యూజియానికి ఎంచుకున్నారు కూడా.

అదృష్టం కొద్దీ దొరికిన ఓడను తర్వాత నిలబెట్టుకోవడం వేరే తపస్సు. కిడ్ ఉన్న చోట మిసిసిపీ నది ఒకే ఏడాదిలో నలభై అడుగుల దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకని కిడ్‌కు నది అడుగున ఉక్కు ఊయల కట్టారు. నీరున్నంత కాలం ఓడ తేలుతుంది, నది తగ్గితే దిమ్మెల మీద కూర్చుంటుంది, అప్పుడు అడుగు భాగమంతా బయట కనిపిస్తుంది. నీటిలోనే ఉండిపోయేవాటి పరిస్థితి ఇంకో రకం. లాఫీ అడుగున వందకు పైగా చిల్లులు బయటపడితే, 2009లో తొంభై లక్షల డాలర్ల అప్పు తెచ్చి డ్రైడాక్‌కు పంపారు. 2022 ఏప్రిల్‌లో బఫెలో రేవులో ద సలివాన్స్ ఒక్క రాత్రిలో నీళ్లు మింగి పక్కకు ఒరిగిపోయింది. ఇరవై, ముప్ఫై ఏళ్ల సేవకు లెక్కవేసిన రేకును ఎనభై ఏళ్లు తేలించాలంటే ఇలాగే ఉంటుంది.

ఇక క్లైడ్‌బ్యాంక్ సంగతి. థామ్సన్ సోదరుల కేంద్రాన్ని తర్వాత జాన్ బ్రౌన్ సంస్థ కొంది. అక్కడే 1942లో రోథర్‌హామ్ అనే డిస్ట్రాయర్ నీట దిగింది. 1949లో అది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌గా మన నౌకాదళానికి వచ్చింది. 1971 డిసెంబర్ తొలిరోజుల్లో విశాఖ తీరాన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన రాత్రి డెప్త్ ఛార్జీలు వేసింది ఈ ఓడే. వాటి వల్లే మునిగిందని మన వాదన, లోపలి పేలుడు వల్లనో తన మందుపాతరల వల్లనో అని పాకిస్తాన్ వాదన. ఏదైనా విశాఖ చరిత్రలో అంత చోటున్న ఓడ మరొకటి కనబడదు. 1976లో దాన్ని విరిచేశారు. అప్పటికి మన దగ్గర ఓడను దాచుకోవాలన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆలోచన వచ్చాక 2002లో బీచ్ రోడ్డు మీదికి కురుసురాను లాక్కొచ్చారు. అది జలాంతర్గామి. సముద్రంలో ఉంచకుండా ఒడ్డున ఇసుక మీద నిలబెట్టడం మంచి నిర్ణయం, ఉప్పునీటితో రోజువారీ పోరు తప్పింది. లోపల ఒక్కో గదీ తిప్పి చూపించేది ఎక్కువగా నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. టార్పెడో గొట్టం దగ్గర ఆగి అడగండి, సందర్శకుల వరస వెనక ఎంత ఉన్నా వాళ్లు తొందరపెట్టరు.